మాట తెగితే తప్పెవరిది?

కాల్ సెంటర్ల సాఫ్ట్‌వేర్ సొంత సర్వర్లను వదిలి వర్చువల్ మెషీన్లలో కాపురం పెట్టింది. ఖర్చు తగ్గింది. కానీ దిగే ముందు ఇల్లు సరిగా చూసుకోకపోతే మూల్యం చెల్లించేది ఫోన్ చేసినవారే

సోమవారం ఉదయం 10 గంటలు. హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి ఆ రోజుకి అయిదో కాల్ అందుకుంది. అవతల ఎవరో పెద్దాయన. ఏటీఎంలో డబ్బు చేతికి రాలేదు, ఖాతాలో మాత్రం తగ్గిపోయిందన్నది ఆయన గోడు. "మీ కార్డు నంబరులో చివరి నాలుగు..." అనేసరికి ఆమె గొంతు ముక్కలైపోయింది. "హలో, వినపడుతోందా అమ్మా?" అని మూడుసార్లు అడిగి ఆయన ఫోన్ పెట్టేశారు. ఖాతా వివరాలు ఆమె కంప్యూటర్ తెర మీదికి వచ్చేసరికి లైనులో ఎవరూ లేరు. సాయంత్రం నాణ్యతా విభాగం ఆమె పేరు ఎదురుగా రాసేది ఒకటే ముక్క: కాల్ సక్రమంగా ముగించలేదు.

అదే సమయంలో, అదే భవనంలో, సర్వర్లను కనిపెట్టుకుని ఉండేవారి తెర మీద అంతా పచ్చగానే ఉంటుంది. ప్రాసెసర్ వాడకం సగటున 40 శాతమే. మెమరీ ఖాళీగా ఉంది. నెట్‌వర్క్ పనిచేస్తోంది. ఎక్కడా ఎర్ర దీపం లేదు.

ఇది ఏ ఒక్క సంస్థ కథా కాదు. ఫోన్ల మీద నడిచే ఏ వ్యాపారంలోనైనా కనిపించగల దృశ్యం. ఇటువంటి గొంతు తెగుళ్లకు నెట్‌వర్క్ మొదలుకొని హెడ్‌సెట్ దాకా కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో కంటికి ఆనకుండా దాక్కునేది మాత్రం ఒకటుంది. కాంటాక్ట్ సెంటర్ సాఫ్ట్‌వేర్‌ను ఏ వర్చువల్ మెషీన్ల మీద నిలబెట్టారో ఆ మెషీన్లకు అది కోరినంత సత్తా నిజంగా అందుతోందా లేదా అన్నది ఎవరూ సరిచూడకపోవడం.

కప్పు ఒకటే, కాపురాలు పది

ఒకే కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా భ్రమింపజేసే ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం ఇంజినీర్లు 1960లలోనే దానిపై పనిచేశారు. 1972లో ఆ సంస్థ పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370ని విడుదల చేసింది. మామూలు సర్వర్లకు ఆ విద్యను తెచ్చి ప్రాచుర్యం కల్పించింది మాత్రం 1998లో కాలిఫోర్నియాలో పుట్టిన వీఎంవేర్. 2001లో అది సర్వర్ల కోసం ప్రత్యేక ఉత్పత్తిని మార్కెట్లోకి తెచ్చాక ప్రపంచవ్యాప్తంగా డేటా సెంటర్ల రూపురేఖలే మారిపోయాయి.

ఏర్పాటు అపార్ట్‌మెంట్ లాంటిదే. భవనం ఒకటి, అదే అసలు సర్వర్. అందులోని ఫ్లాట్లు వర్చువల్ మెషీన్లు. ఎవరి ఫ్లాట్‌లో వారు సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంటారు. కానీ పైన నీళ్ల ట్యాంకు అందరికీ ఒక్కటే. ఎవరికెప్పుడు ఎంత నీరు వదలాలో నిర్ణయించేది హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్. అన్ని ఫ్లాట్లలో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పరు కదా అన్న ధీమాతో బిల్డరు ట్యాంకును కాస్త చిన్నదే కడతాడు. డేటా సెంటర్లలోనూ అంతే. ఒక్కో అసలు ప్రాసెసర్ కోర్ మీద మూడు, నాలుగు వర్చువల్ ప్రాసెసర్లను కేటాయించడం మామూలే. జీతాల లెక్కలు, ఈ-మెయిల్, ఫైళ్లు దాచే సర్వర్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఈ-మెయిల్ రెండు సెకన్లు ఆలస్యమైతే గమనించేవారే ఉండరు.

మాటకు మాత్రం అలా కుదరదు.

20 మిల్లీసెకన్ల గడువు

ఇంటర్నెట్ పద్ధతిలో సాగే ఫోన్ సంభాషణలో గొంతును చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతారు. సాధారణంగా ఒక్కో ముక్కలో ఉండేది 20 మిల్లీసెకన్ల మాట. అంటే ఒక్కో దిశలో సెకనుకు 50 ముక్కలు. అవి లయ తప్పకుండా చేరితేనే గొంతు గొంతులా వినిపిస్తుంది. ఆటోమేటిక్ జవాబులు వినిపించే వ్యవస్థ, రికార్డింగ్, ముగ్గురిని కలిపే కాన్ఫరెన్స్, సంస్థ సరిహద్దులో కాపలా కాసే గేట్‌వే... వీటిలో ఏది వర్చువల్ మెషీన్‌లో ఉన్నా ఈ లయను అది నిలబెట్టాలి. పొరుగు మెషీన్ ఏదో భారీ పని మొదలుపెట్టి, హైపర్‌వైజర్ దీన్ని ఒక్క 60 మిల్లీసెకన్లు క్యూలో నిలబెట్టిందంటే మూడు ముక్కలు ఆలస్యమైనట్టే. కాస్త ఆలస్యాన్ని అవతలి ఫోను సర్దుకుంటుంది. అది పదేపదే జరిగితే వినిపించేది ముక్కల మాటే.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు ప్రకారం మాట ఒక చివరి నుంచి మరో చివరికి చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకపోతే సంభాషణకు ఇబ్బంది ఉండదు. అమెరికాలో ఉన్న ఖాతాదారుకు హైదరాబాద్ నుంచి జవాబు చెప్పేచోట అందులో అధిక భాగం సముద్రాలు దాటడానికే సరిపోతుంది. మిగిలిన కొద్దిపాటి వ్యవధిని సర్వర్ గదిలో పారేసుకోవడం ఎవరికీ తగదు.

ఇక్కడే సగటులు మోసం చేస్తాయి. ప్రాసెసర్ 40 శాతమే వాడుకలో ఉందన్న అంకె నిజమే కావచ్చు. కానీ తన వంతు కోసం వర్చువల్ మెషీన్ ఎంతసేపు కాచుకుందో ఆ అంకె చెప్పదు. దాన్ని చెప్పేది 'రెడీ టైమ్' అనే వేరే కొలత. వీఎంవేర్ పటాలలో ప్రతి 20 సెకన్లకు ఒకసారి ఇది నమోదవుతుంది. ఆ వ్యవధిలో ఒక వర్చువల్ ప్రాసెసర్ 1,000 మిల్లీసెకన్లు కాచుకుంటే 5 శాతం అయినట్టు. అక్కడి నుంచి ఆరా తీయాల్సిందేనన్నది నిర్వాహకులు పాటించే స్థూల సూత్రం. మాటలు నడిచే మెషీన్లకు అదీ ఎక్కువే.

గొంతు ఒక్కటే కాదు. పెద్ద కాంటాక్ట్ సెంటర్లలో కాల్‌ను ఎవరికి పంపాలో నిర్ణయించే సర్వర్లు జంటగా ఉంటాయి. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. సిస్కో సంస్థ ఎంటర్‌ప్రైజ్ వ్యవస్థలో ఈ జంట 100 మిల్లీసెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటుంది. వరసగా అయిదు పలకరింపులు అందకపోతే అవతలిది లేదనే అనుకుంటుంది. అంటే అర సెకను మౌనం చాలు. నడుస్తున్న మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించినా, దాని యథాతథ స్థితిని 'స్నాప్‌షాట్' తీసినా అది క్షణకాలం స్తంభించిపోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్‌కు ఆ క్షణం లెక్కలోకి రాదు. ఇక్కడ మాత్రం బతికున్న సర్వర్‌ను చనిపోయిందని ప్రకటించడానికి అదే చాలు.

ఎర్లాంగ్ నేర్పిన లెక్క

ఎంత సత్తా కావాలో తేల్చే లెక్కకు వందేళ్లు దాటాయి. డెన్మార్క్ గణితవేత్త ఆగ్నెర్ క్రారప్ ఎర్లాంగ్ కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ 1909లో, 1917లో రాసిన పత్రాలే ఈనాటికీ ఆధారం. ఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు.

ఉదాహరణకు ఒక కేంద్రానికి పన్నెండు గంటల పనిదినంలో 6,000 కాల్స్ వస్తాయనుకుందాం. ఒక్కోటి 4 నిమిషాలు. సగటు తీస్తే ఏ క్షణాన చూసినా 33 మంది మాట్లాడుతుంటారు. కానీ కాల్స్ సమంగా రావు. సోమవారం ఉదయం అరగంటలోనే 600 వచ్చాయంటే ఆ అరగంటలో రద్దీ 80 ఎర్లాంగ్‌లు. అంటే 80 మంది ఊపిరి సలపకుండా మాట్లాడుతున్నా క్యూ తరగదు. 33ని నమ్ముకుని మెషీన్లు కొలిచినవారు 80 దగ్గర చేతులెత్తేస్తారు.

పైగా క్యూలో ఉన్నవారూ ఊరికే లేరు. వారికి సంగీతం వినిపించేదీ, 'మీ కాల్ మాకు ముఖ్యం' అని చెప్పేదీ ఒక సర్వరే. సిబ్బంది చాలనప్పుడు క్యూ పెరుగుతుంది, క్యూ పెరిగితే ఆ సర్వర్ మీద భారం పెరుగుతుంది. రికార్డింగ్ సంగతి మరొకటి. కుదించని గొంతు ఒక్కో దిశలో సెకనుకు 64 కిలోబిట్లు. 80 కాల్స్‌ను రెండు దిశల్లోనూ భద్రపరిస్తే గంటకు 4.6 గిగాబైట్లు. డిస్కుకు ఈ పరిమాణం పెద్ద బరువేమీ కాదు. 160 ధారలను ఒకేసారి, చిన్న చిన్న ముక్కలుగా, ఆగకుండా రాయడమే బరువు. అదే డిస్కు మీద పక్క విభాగం తన బ్యాకప్ మొదలుపెట్టిందంటే ఇద్దరికీ ఇక్కట్లే.

దిగే ముందు చూసుకోవాల్సినవి

కాంటాక్ట్ సెంటర్ సాఫ్ట్‌వేర్ తయారీదారులు ఎన్ని కాల్స్‌కు, ఎంతమంది సిబ్బందికి ఎటువంటి వర్చువల్ మెషీన్ కావాలో ముందే పట్టిక ఇస్తారు. ఆ పట్టికను నమ్మితే చాలదు. నిలబెట్టిన మెషీన్‌లో అది అమలైందో లేదో చూడాలి. ముఖ్యమైనవి ఇవీ:

• ప్రాసెసర్: ఒక్కోటి 16 కోర్లున్న రెండు ప్రాసెసర్ల సర్వర్‌లో అసలు కోర్లు 32. హైపర్‌థ్రెడింగ్ వల్ల తెర మీద కనిపించేవి 64. వర్చువల్ ప్రాసెసర్ల మొత్తాన్ని 32తో పోల్చాలా, 64తోనా? సిస్కో మొదటినుంచీ గొంతు సాఫ్ట్‌వేర్‌కు చెబుతూ వచ్చిన ప్రాథమిక సూత్రం ఒక వర్చువల్ ప్రాసెసర్‌కు ఒక అసలు కోర్. కనిపించే రెట్టింపును లెక్కలోకి తీసుకోకూడదు.

• మెమరీ: కేటాయించినదంతా రిజర్వు చేసి ఉండాలి. పొరుగువారికి అవసరమైతే వెనక్కి లాక్కునే ఏర్పాటు ఉండకూడదు.

• డిస్కు: ఎంత ఖాళీ ఉందన్నది సగం ప్రశ్నే. రద్దీ వేళ ఒక్కో రాతకు ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందన్నది అసలు ప్రశ్న. మరచిపోయిన పాత స్నాప్‌షాట్లు ఉంటే వేగం ఇంకా తగ్గుతుంది.

• గడియారం: అన్ని మెషీన్ల సమయం ఒకే మూలం నుంచి రావాలి. లేకుంటే కాల్ మొదలు కాకముందే ముగిసినట్టు నివేదికలు వస్తాయి.

• జంట మెషీన్లు: రెండూ ఒకే సర్వర్ మీద ఉంటే అది జంట కాదు. ఆ సర్వర్ ఆగిన రోజు రెండూ ఆగుతాయి. హైపర్‌వైజర్ తనంతట తాను వాటిని ఒకేచోటికి చేర్చకుండా నియమం పెట్టాలి.

• వెర్షన్: హైపర్‌వైజర్ ఏది, దాని వెర్షన్ ఏమిటి అన్నది తయారీదారు ఆమోదించిన జాబితాలో ఉండాలి. లేకుంటే గండం వచ్చిన రోజు సాయం కోరినా 'ముందు అది సరిచేయండి' అన్న జవాబే వస్తుంది.

ఈ తనిఖీని సాఫ్ట్‌వేరే చేసుకునే రోజులూ వచ్చాయి. సిస్కో ప్యాకేజ్డ్ కాంటాక్ట్ సెంటర్ ఎంటర్‌ప్రైజ్‌లో సర్వర్ల చిరునామా, లాగిన్ వివరాలు ఇస్తే అక్కడున్న వర్చువల్ మెషీన్లను వెతికి, నిర్దేశించిన పట్టికతో పోల్చి, తేడాలను చూపిస్తుంది. అయితే యంత్రం సరిచూసేది అమరికల అంకెలనే. మంగళవారం రాత్రి పక్కింట్లో ఏ పని నడుస్తుందో దానికి తెలియదు. అందుకే కృత్రిమంగా కాల్స్ పుట్టించి, రద్దీ వేళ వచ్చేదానికంటే ఎక్కువ భారం మోపి, రికార్డింగ్, బ్యాకప్ అన్నీ నడుస్తుండగానే గొంతు ఎలా ఉందో విని చూడడం తప్పనిసరి.

ఒక అంకె, ఏడు రాష్ట్రాలు

పరిమితులను సరిచూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి చరిత్రలో పెద్ద సాక్ష్యాలే ఉన్నాయి. అవి వర్చువల్ మెషీన్ల వల్ల వచ్చినవి కావు. కానీ పాఠం ఒకటే.

1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీస్ కాల్స్‌కు వాహనాలను పంపే పనిని కొత్త కంప్యూటర్ వ్యవస్థకు అప్పగించింది. రద్దీ పెరిగేకొద్దీ అది తడబడింది. ఏ వాహనం ఎక్కడుందో తెలియక, ఒకే కాల్ మళ్లీ మళ్లీ వచ్చి, అంబులెన్సులు ఆలస్యమయ్యాయి. నవంబర్ 4న వ్యవస్థ పూర్తిగా ఆగిపోయింది. ప్రోగ్రామ్‌లో మిగిలిపోయిన ఒక చిన్న భాగం వాహనం కదిలిన ప్రతిసారీ సర్వర్ మెమరీలో కొంత ఆక్రమించి, తిరిగి వదలకపోవడమే అందుకు కారణమని విచారణలో తేలింది. మూడు వారాల్లో మెమరీ మొత్తం నిండిపోయింది. పూర్తి భారంతో ఎన్నో రోజులు నడిపి చూసి ఉంటే ముందే బయటపడే లోపమది.

2014 ఏప్రిల్ 9 అర్ధరాత్రి ముందు అమెరికాలో తుపాను లేదు, భూకంపం లేదు. అయినా ఏడు రాష్ట్రాల్లో అత్యవసర నంబరు 911 పలకడం మానేసింది. కొలరాడో రాష్ట్రం ఎంగిల్‌వుడ్‌లో కాల్స్‌ను దారి మళ్లించే కేంద్రంలోని సాఫ్ట్‌వేర్ ప్రతి కాల్‌కు ఒక వరస సంఖ్య ఇస్తుంది. ఆ లెక్కకు ఎవరో ఎప్పుడో ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. 4 కోట్లకు చేరగానే అది కొత్త కాల్స్‌కు సంఖ్య ఇవ్వడం ఆపేసింది. ఆరు గంటల వరకు సాగిన ఆ అంతరాయంలో 6,600కు పైగా కాల్స్ గమ్యం చేరలేదు. దాని పరిధిలో ఉన్నవారు కోటి పది లక్షల మంది. ప్రమాద హెచ్చరిక వచ్చినా దాన్ని తక్కువ స్థాయి సమస్యగానే వ్యవస్థ వర్గీకరించిందని, ఇది నివారించదగినదేనని ఆ దేశ ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నివేదిక తేల్చింది. ఏర్పాటు చేసిన రోజు సరిపోయిన అంకెను ఆ తర్వాత ఎవరూ తిరిగి చూడలేదు.

భారతదేశంలో ఇది మరింత దగ్గరి విషయం. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఆ తర్వాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. అన్ని అత్యవసరాలకూ ఒకే నంబరుగా 112 అమలు 2018 నవంబర్‌లో హిమాచల్‌ప్రదేశ్‌తో ఆరంభమైంది. సైబర్ మోసగాళ్లు దోచిన డబ్బు చేతులు మారకముందే ఆపాలంటే 1930కు తొలి గంటల్లోనే ఫోన్ కలవాలి. వాణిజ్య రంగంలోనూ గడువులున్నాయి. వినియోగదారుల కాల్స్‌లో 95 శాతానికి 90 సెకన్లలోపు సిబ్బంది జవాబివ్వాలన్నది టెలికాం కంపెనీలకు ట్రాయ్ పెట్టిన ప్రమాణం. ఇటువంటిచోట వ్యవస్థ క్షణకాలం తడబడినా అది ఎవరికో తగులుతుంది.

ముగ్గురి మధ్య మాట

తనిఖీ ఎందుకు జరగదు? తెలియక కాదు. అది ఎవరి పనో తేలకపోవడం వల్ల. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు పట్టిక ఇచ్చి తప్పుకుంటారు. ఫోన్ల విభాగం దాన్ని సర్వర్ల విభాగానికి పంపుతుంది. వారికి ఇది వందల మెషీన్లలో ఇంకో నాలుగు. పట్టికలో 'రిజర్వేషన్ తప్పనిసరి' అని ఉంటే, వాడని వనరులను కట్టిపడేయడం దండగని వారికి అనిపించడం సహజం. నెల తిరిగాక కొత్త మెషీన్లకు చోటు కావాలంటే ముందుగా కోత పడేది ఆ రిజర్వేషన్ల మీదే. ఆ సంగతి ఫోన్ల విభాగానికి చెప్పాలని ఎవరికీ తట్టదు.

ఇప్పుడు దీనికి డబ్బు ఒత్తిడి తోడైంది. 6,100 కోట్ల డాలర్లకు వీఎంవేర్‌ను కొంటున్నట్టు 2022లో ప్రకటించిన బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో దాన్ని సొంతం చేసుకుంది. మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆపి, కోర్ల సంఖ్యను బట్టి చందా కట్టే పద్ధతికి మళ్లించింది. ప్రతి కోర్‌కూ పైకం కట్టాల్సి వచ్చినప్పుడు అదే కోర్ మీద ఇంకో రెండు మెషీన్లు ఇరికించాలన్న తాపత్రయం పెరుగుతుంది. లేదా హైపర్‌వైజర్‌నే మార్చేయాలనిపిస్తుంది. మొదటి దారి గొంతు సాఫ్ట్‌వేర్ కోరే నియమానికి పూర్తిగా వ్యతిరేకం. రెండో దారిలో పాత తనిఖీ అంతా చెల్లని కాగితమే. ఏ దారి పట్టినా లెక్క మొదటినుంచీ చేయక తప్పదు.

క్లౌడ్‌కు మారితే బెడద తీరుతుందన్న ఆశ సగమే నిజం. సర్వర్లను చూసుకునే బాధ్యత సేవ అందించేవారికి పోతుంది. కానీ రద్దీ వేళ ఎన్ని కాల్స్ వస్తాయో చెప్పాల్సింది, ఒప్పందంలో ఆ అంకె ఉందో లేదో చూసుకోవాల్సింది సంస్థే. పైగా రికార్డింగ్, గేట్‌వే వంటివి కొన్ని తరచు సొంత భవనంలోనే ఉండిపోతాయి. పరిస్థితులు మారిన ప్రతిసారీ లెక్క మారుతుందనడానికి 2020 మార్చి మంచి ఉదాహరణ. ఆ నెల 13న టెలికాం శాఖ ఇంటి నుంచి పనికి నిబంధనలు సడలించింది. వేలాదిమంది సిబ్బంది కాల్స్ ఆఫీసు తీగలకు బదులు ఇంటి ఇంటర్నెట్ మీదుగా, సంకేత రక్షణతో రావడం మొదలైంది. ఆ రక్షణకూ ప్రాసెసర్ ఖర్చవుతుంది. అంతకు ముందు చేసిన లెక్కల్లో ఆ పద్దు లేదు.

కాబట్టి తనిఖీ గృహప్రవేశం రోజుతో ముగిసే తంతు కాదు. కొత్త వెర్షన్ వేసినా, పక్కన కొత్త మెషీన్ దిగినా, సిబ్బంది సంఖ్య పెరిగినా మళ్లీ చేయాల్సిన పని. దానికయ్యేది కొన్ని రోజుల శ్రమ, రాత్రిపూట కొన్ని కృత్రిమ కాల్స్. ఆ పట్టిక మీద ఫోన్ల విభాగం, సర్వర్ల విభాగం రెండూ కలిసి సంతకం పెడితే తర్వాత ఎవరూ చెప్పకుండా కోత పెట్టలేరు.

అది జరగనంతకాలం సోమవారం ఉదయపు లోపం ఏ సర్వర్ చిట్టాలోనూ నమోదు కాదు. నమోదయ్యేది హెడ్‌సెట్ పెట్టుకున్న ఆ అమ్మాయి పేరు ఎదురుగానే. ఏటీఎం ముందు నిలబడ్డ పెద్దాయన మాత్రం మళ్లీ అదే నంబరు నొక్కి, క్యూలో మొదటినుంచీ నిలబడతారు.